తడిగుడ్డకు చిక్కిన పొర

నేను ఒక పొరని. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతలి మనిషి మొహం లేత గోధుమరంగులో కనిపించేంత పల్చటిదాన్ని. కొందరు కాగితం అంటారు, కొందరు ప్లాస్టిక్ అంటారు. నేను రెండూ కాదు. సముద్రపు నాచులోంచి తీసిన జిగురు నా ఒళ్లు. దానిమ్మ తొక్కలు నానబెట్టి వడకట్టిన సారం నా సొత్తు. యాంటీఆక్సిడెంట్లు అని మీరు పేపర్లలో చదువుతుంటారే, అవే. ఆ సొత్తుని నేను ఒక్కసారిగా పంచిపెట్టను. రోజుల తరబడి కొంచెం కొంచెంగా వదులుతాను. నన్ను నెయ్యి వేసిన వస్తువుకి చుడితే, గాలి సోకి ఆ నెయ్యి కంపు కొట్టకుండా ఆ సారం కాపలా కాస్తుంది. ఇదంతా నన్ను చేసినవాళ్లు చెప్పిన మాట. నేనైతే ఎవరి మాటా ఊరికే నమ్మను. నా మాటా మీరు ఊరికే నమ్మకండి.

నమ్మకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. రాజమండ్రి దగ్గర ఒక కాలేజీలో, పరిశోధన గదిలో, గాజు పళ్లెం మీద పుట్టాను నేను. పోసిన ద్రవం గట్టిపడి నేను నేనయిన మొదటి పొద్దున్నే ఒకమ్మాయి వచ్చి నన్ను చూసింది. పేరు యామిని. డాక్టరేట్ కోసం ఆ గదిలో ఏళ్లుగా నలుగుతున్న పిల్ల. కన్నతల్లి బిడ్డని చూసుకునే చూపు కాదండీ అది, సంతలో గేదె పళ్లు పట్టి చూసే చూపు. పక్క పళ్లెంలోని నా తోడబుట్టినదాన్ని రెండు కొసలూ పట్టి, ఎంత లాగితే చిరుగుతుందో చూద్దామని చిరిగేదాకా లాగింది. చిరిగాక సంతోషించింది కూడా. అలాంటి ఇంట్లో పుట్టిన దానికి అనుమానం కాక మరేం అబ్బుతుంది చెప్పండి.

ఆ గది గోడ మీద పెద్ద అక్షరాల బోర్డు ఒకటి ఉండేది, ఇక్కడ ఏదీ నోట పెట్టుకోరాదు అని. మంచినీళ్లు తాగాలన్నా గది దాటి పోవలసిందే. నేను తినడానికి పనికొచ్చే పొరనని యామినే అందరికీ చెప్పేది. నాలో వేసిన ప్రతి వస్తువూ తిండి వస్తువేనని ఒట్టేసి చెప్పేది. అయినా ఏనాడూ నన్ను నాలుక చివరకి ఆనించి చూసింది లేదు. నాకు లోపల గుచ్చుకునేది. తినొచ్చని చెప్పేవాళ్లు తినరేం?

నా తోడబుట్టినవాళ్లలో కొందరిని పక్క గదికి తీసుకెళ్లారు. షుగరు వ్యాధి వాళ్లకి మానని పుళ్లుంటాయి కదా, వాటి మీద వేసి చూడాలట. ఒకే గిన్నెలో కలిపిన ద్రవం, ఒకే సారం. పుండు మీద వేస్తే మందు అని దండం పెడతారు, తిండికి చుడితే మందు అని దడుచుకుంటారు. మనిషి లెక్కలు మనిషికే తెలియాలి.

ఇక వరహాలమ్మ సంగతి. ఆత్రేయపురం చుట్టుపక్కల పల్లెల్లో పూతరేకులు చేసే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో వరహాలమ్మ చెయ్యి వేరని చెప్పుకునేవారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పల్చగా రుబ్బిన బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డ కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేచి వస్తుంది. ఆవిడ పాకలో కోడలు భవాని, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు పనిచేసేవారు. ఆవిడకున్న ఆస్తల్లా ఒక పేరు. వరహాలమ్మ రేకులో నెయ్యి, బెల్లం తప్ప ఇంకేదీ ఉండదని.

ఆ పేరుకే ఎసరొచ్చింది. సరుకంతా కొనే హైదరాబాద్ మిఠాయి కొట్టు యజమాని రంగనాయకులు ఒక షరతు పెట్టాడు. డబ్బాలు దూరం ఊళ్లకి పంపుతున్నాడట, నెల తిరిగేసరికి నెయ్యి కంపు కొడుతోందట. నెయ్యి చెడకుండా ఉండే పౌడర్ ఒకటి ఉంది, అది కలపండి, కలపకపోతే వేరే ఊరు చూసుకుంటాను అంటూ పొట్లం ఒకటి పంపాడు. వరహాలమ్మ ససేమిరా అని పొట్లాన్ని చూరులో దోపేసింది. అది కలిపితే రేకు నాది కాదు అంది. కొట్టు పోతే పాకలో పొయ్యి ఆరిపోతుంది, పౌడర్ కలిపితే పేరు పోతుంది. మింగలేక కక్కలేక ఉందావిడ.

అప్పుడు భవాని, ఏదో మహిళా సంఘం మీటింగులో యామిని మాట్లాడగా విన్నది గుర్తు తెచ్చుకుని, ఫోన్ చేసి రమ్మంది. యామిని నన్ను అట్ట కవర్లో పెట్టుకుని బస్సెక్కింది. ఊరక రారు మహానుభావులు అంటారు కదా. యామినికీ ఒక అవసరం ఉంది. నిజమైన మిఠాయి మీద, నిజమైన ఎండలో, నేను పనిచేశానని చూపిస్తేనే ఆ పిల్ల చదువు గట్టెక్కుతుంది.

వరహాలమ్మ నన్ను రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకి ఎత్తింది. ఆ చూపులో ఈర్ష్య ఉందని నా అనుమానం. పల్చని పొర తీయడంలో ఆ ఊళ్లో తనకి పోటీ లేదు మరి.

"ఏంటమ్మా ఇది? రేకు లాగుంది, రేకు కాదు."

యామిని ఓపిగ్గా అంతా చెప్పింది. నాచు సంగతి, దానిమ్మ తొక్క సంగతి, సారం మెల్లగా వదలడం సంగతి.

"మెల్లమెల్లగా వదులుద్దా?" వరహాలమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "అంటే నేను కలపనన్న మందు, ఇది నాకు తెలీకుండా కలుపుతాదన్నమాట."

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నాకే గుండె జారింది. మెల్లమెల్లగా పెట్టేది విషం కూడా కావచ్చు కదా. అలా అనుకోవడంలో ఆవిడ తప్పేం ఉంది?

"మందు కాదండీ, దానిమ్మ తొక్క రసం. మంచిదండీ ఇది." యామిని కంగారుపడింది. నన్ను గొప్ప చేద్దామనుకుని ఇంకో మాట కూడా వదిలింది. "ఇదే పొర పుండ్ల మీద వెయ్యడానికి కూడా పనికొస్తుందండీ!"

పాకలో ఆడవాళ్ల చేతులన్నీ ఆగిపోయాయి.

"ఓరి నాయనో," అంది వరహాలమ్మ. "పుండుకేసే పొర తెచ్చి నా రేకుకి చుట్టమంటన్నావా?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! నోరుంటే అక్కడే తిట్టి ఉండేదాన్ని ఆ పిల్లని. పాపం, తన మాట ఎటు పోయిందో తనకి అర్థమయ్యేలోపే వరహాలమ్మ నా అంచు నుంచి గోరంత ముక్క చించి ముందుకి చాపింది.

"తిండి వస్తువే అన్నావుగా. తిను మరి."

ఆ ఊళ్లో పద్ధతి అది. చేసినవాళ్లు ముందు నోట్లో వేసుకుంటారు, తరవాతే ఎదుటివాళ్లకి పెడతారు. యామిని చెయ్యి ముక్క దాకా వచ్చి ఆగింది. భయపడి కాదు. పరిశోధన గదిలో పుట్టినదేదీ నోట పెట్టుకోకూడదని ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన అలవాటు. ఆ గాజు పళ్లెంలో అంతకుముందు ఏ మందు పోశారో ఎవరికి తెలుసు అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటుంది. ఆ తరవాత తిన్నది. నవ్వుతూ తిన్నది. కానీ వరహాలమ్మ చూడవలసింది చూసేసింది. కుండ వేడెక్కిందో లేదో దూరాన్నుంచే కనిపెట్టే కళ్లకి ఆ క్షణం కనబడకుండా ఉంటుందా?

పైకి మాత్రం, "సరేలే, చూద్దాం" అంది. యామిని ఎలా చుట్టాలో, అంచులు ఎలా మడవాలో చూపించి, ఆనందంగా బస్సెక్కి వెళ్లిపోయింది. ఒక్క మాట మాత్రం చెప్పలేదు. నాకు తడి తగలనివ్వకూడదని. తడిగుడ్డ పెట్టి తుడిస్తే నా సారమంతా గుడ్డలోకి దిగిపోతుందని. ఎందుకు చెప్పలేదంటే, పొరని తుడిచే మనిషి ఉంటుందని ఆ పిల్ల ఊహకే రాలేదు.

కానీ పూతరేకు చేసేవాళ్ల కుడిచేతి పక్కన తడిగుడ్డ ఎప్పుడూ ఉంటుంది. రేకు ఎండి పెళపెళమంటూ ఉంటుంది కదా, అలాగే మడిస్తే ముక్కలైపోతుంది. తడిగుడ్డతో ఒక్కసారి నిమిరితే మెత్తబడి మాట వింటుంది. అందుకే అక్కడ పొర అన్నది చేతికొస్తే గుడ్డ దానంతటదే లేస్తుంది. దానికి తోడు మనసులో అనుమానం. కడిగితే మందు పోతుంది కదా అన్న తెలివి. రెండూ కలిశాయి.

ఆ మర్నాడు వరహాలమ్మ తాజాగా కాచిన నెయ్యి వేసి రేకులు మడిచి డబ్బాకి సిద్ధం చేసింది. నన్ను పీట మీద పరిచింది. తడిగుడ్డ తీసుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచింది. గుడ్డ పసుపచ్చగా మారింది.

"చూశావటే భవానీ, మందు ఎలా దిగుతందో!" అంది గెలిచినట్టు.

"అవునండీ అత్తయ్యా," అంది భవాని, జీడిపప్పు ఏరుకుంటూ. అత్తగారు ఏం తుడుస్తోందో సరిగ్గా చూసిందని నేననుకోను.

గుడ్డ జాడించి, తిరగేసి, మళ్లీ తుడిచింది. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, నాకు జరిగింది అక్షరాలా అదే. నెల రోజులు పొదుపుగా పంచవలసిన సొత్తు ఒక్క పూటలో బాల్చీలోకి పోయింది. అరిచాను. పొరల అరుపు ఎవరికి వినిపిస్తుంది? కుండ వేడికి నన్ను ఆరబెట్టి, తెల్లబోయిన నన్ను చూసి, "ఇప్పుడు శుభ్రంగా ఉంది" అని ముచ్చటపడి రేకులకి చుట్టిందావిడ. చేసింది ద్రోహమని కూడా అనలేను. తినేవాళ్ల కడుపు చల్లగా ఉండాలనే తుడిచింది.

హైదరాబాద్‌లో, కొట్టు వెనక అలమరలో, వట్టి చేతులతో కాపలా ఉన్నాను. చుట్టూ గాలి. లోపల నెయ్యి. మొదట్లో కమ్మటి వాసన, తరవాత ఏ వాసనా లేదు, ఆ తరవాత మొదలైంది కంపు. నా ఒడిలో పెట్టిన వస్తువు నా కళ్లముందే చెడిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఏడుపొచ్చింది. నెల నిండాక రంగనాయకులు డబ్బా మూత తీసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. అప్పటికప్పుడే ఫోన్ చేశాడు.

"పిన్నిగారూ, పాత నెయ్యి ఏమైనా వేశారా?"

ఆ ప్రశ్న ఆవిడకి ఎలా తగిలి ఉంటుందో నేను చూడలేదు. డబ్బాని ఆయన అలాగే బస్సు పార్సిల్లో తిప్పి పంపేశాడు. అది అందిన రోజే వరహాలమ్మ చీర మార్చుకుని, భవానిని వెంటబెట్టుకుని, డబ్బా చంకన పెట్టుకుని యామిని కాలేజీకి బయలుదేరింది.

పరిశోధన గది వరండాలో బల్ల మీద డబ్బా ధడేల్మని పెట్టింది. యామిని మూత తీసి వాసన చూసింది. మొహం పాలిపోయింది. నన్ను విప్పి వెలుతురుకి ఎత్తింది. గోధుమరంగు ఏదీ? వట్టి తెలుపు. "సారం మొత్తం వదిలేసిందా? ఇంత త్వరగానా?" అని గొణుక్కుంది. ఏళ్ల చదువు తప్పని తేలిపోయిందని ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఛీ, ఎంత అన్యాయం! అడగవలసిన వాళ్లని అడగకుండా నన్నే అనుమానించింది.

"నువ్వేడిస్తే నా పేరొత్తాదా?" అంది వరహాలమ్మ. "ఆయన నా నెయ్యి పాతదంటన్నాడు. నా జన్మలో పాత నెయ్యి ముట్టలేదు నేను. నీ పొర పాడుది. దాన్లో ఏం కలిపావో నాకు తెలీదు గానీ, నేను మాత్రం నా జాగ్రత్తలో ఉన్నాను. రెండుసార్లు తుడిచి మరీ చుట్టాను!"

యామిని తల ఎత్తింది.

"దేంతో తుడిచారండీ?"

"దేంతో ఏంటి? తడిగుడ్డతో. పసుప్పచ్చగా దిగింది మందంతా. బాల్చీలో జాడించాను. అడుగు, భవాని ఉంది."

భవాని అవునన్నట్టు తలూపబోయి, యామిని మొహం చూసి ఆపేసింది.

యామిని కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు కాకుండా, సాటి పనిమంతురాలికి చెప్పినట్టు చెప్పింది. ఆ పసుపచ్చ రంగే దానిమ్మ సారమని, నెయ్యికి కాపలా అదేనని, అది బాల్చీలోకి పోయాక నేను వట్టి తోలునని. వరహాలమ్మ వింటూ వింటూ బల్ల అంచు పట్టుకుంది.

"అంటే... నా చేత్తో నేనే పాడు చేసుకున్నానా?"

"తడి తగలకూడదని చెప్పకపోవడం నా తప్పండీ."

"తప్పు అక్కడ కాదు." వరహాలమ్మ తల అడ్డంగా ఊపింది. "తినమంటే నీ చెయ్యి ఆగింది. అది చూశాను. చేసినామెకే నమ్మకం లేదు, నాకెందుకుండాలి అనుకున్నాను."

యామిని ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్లి, గోడ మీది బోర్డు చదివి వినిపించింది. వరహాలమ్మ ఆ అక్షరాల వంక తేరిపార చూసింది.

"అదేం గదే తల్లీ," అంది. "చేసినోళ్లు తినకూడని వంటగది!"

ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే వరహాలమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు కోపం పోయిందని చెప్పను గానీ, కొంచెం తగ్గింది.

అక్కడి నుంచే రంగనాయకులుకి ఫోన్ చేసింది. తప్పు నాదేనండీ, పొరని తుడిచేశాను, నెయ్యి మంచిదే, పొరా మంచిదే అని ఉన్నదున్నట్టు చెప్పింది. అంత పేరున్న మనిషి తన తప్పు అలా చెప్పుకోవడం తేలికా? అవతల ఆయన చప్పరించేశాడు.

"మీరూ ఆ అమ్మాయీ కలిసి బాగానే అల్లారు పిన్నిగారూ. సరే, సీజన్ దగ్గరికొస్తోంది. ఇంకొక్క డబ్బా పంపండి. అదీ చెడితే మన దారులు వేరు."

నిజం చెబితే కథ అన్నాడు చూశారా! అబద్ధం చెప్పి ఉంటే నమ్మేవాడేమో.

ఖాళీ డబ్బాతో పాటు నేనూ పాకకి తిరిగొచ్చాను, వెనకే కొత్త పొరలు వచ్చాయి. నన్ను పారెయ్యమని భవాని అంది. వరహాలమ్మ ఒప్పుకోలేదు. కుండ ఎదురుగా తాటాకు గోడకి నన్ను పుల్లతో గుచ్చింది. చెయ్యి తడిగుడ్డ మీదికి పోయినప్పుడల్లా నేను కనబడాలట. అలా దిష్టిబొమ్మ ఉద్యోగం దొరికింది నాకు. అక్కడి నుంచి చూశాను, ఆ రెండో డబ్బా చుట్టడం. పీట మీద పొర పరిచింది. చెయ్యి అలవాటుగా లేచింది. ఆగింది. పొడి చేతులతో, ఊపిరి బిగబట్టి చుట్టింది. రంగనాయకులు పంపిన పౌడర్ పొట్లం ముడి విప్పకుండా చూరులోనే ఉంది.

పొగకి నేను నల్లబడుతున్నాను. వానలు మొదలైతే మెత్తబడి ఏదో ఒక పూట గోడ నుంచి జారిపోతాను. ఊడ్చి కొబ్బరి మొక్క పాదులో వేస్తారు, మట్టిలో కలిసిపోతాను. దానికి నాకు దిగులు లేదు. ఆ డబ్బా ఏమైందో తెలియకుండా పోతానేమోనని మాత్రం బెంగగా ఉండేది.

తెలిసింది. నెల తిరిగాక ఫోన్ మోగినప్పుడు వరహాలమ్మ చేతులు పిండిలో ఉన్నాయి. భవాని స్పీకర్ నొక్కి పట్టుకుంది. రంగనాయకులు గొంతు పాకంతా వినబడింది.

"అద్భుతం పిన్నిగారూ! నిన్న చేసినట్టున్నాయి. డబ్బా విప్పితే కొట్టంతా నెయ్యి వాసన!"

ఆడవాళ్లు కేకలేశారు. భవాని కళ్లు మెరిశాయి.  నేను గోడ మీద ఉబ్బిపోయాను. వట్టిదాన్నయితేనేం, నా తోబుట్టువు గెలిచింది కదా.

"చూశారా మరి," అన్నాడాయన ముద్దుగా కసురుతున్నట్టు, "నేను చెప్పిన పౌడర్ మొదటే కలిపుంటే ఇంత గొడవ ఉండేదా?"

వరహాలమ్మ మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది.

"కలపలేదండీ."

"మన మధ్య దాపరికాలెందుకండీ! కలపకుండా ఇలా ఉంటాయా? మీ పేరుకేం భయం లేదు. నేనెవరికీ చెప్పనులెండి. పెద్ద ఆర్డర్ పంపుతున్నా, చేయించండి."

నాకు ఒళ్లు మండిపోయింది. చెడితే పాత నెయ్యి, చెడకపోతే మందు! ఇక ఈ మనిషిని మెప్పించడం ఎవరి తరం?

వరహాలమ్మ పిండి చేతులతోనే లేచి నిలబడింది.

"ఎవరికీ చెప్పనంటే కుదరదండీ. చెప్పండి. వరహాలమ్మ ఏ పౌడరూ కలపలేదని మీ కొట్టుకొచ్చినోళ్లందరికీ చెప్పండి. అలా చెబుతానంటేనే డబ్బాలు పంపుతాను."

"నేను నమ్మనిది ఎలా చెప్పమంటారండీ?"

"నేనూ ఇలాగే నమ్మలేదండీ," అంది వరహాలమ్మ. "నమ్మకే తుడిచి పాడు చేసుకున్నాను. మీరూ తుడుచుకోండి."

ఫోన్ ఆపెయ్యమని భవానికి సైగ చేసింది.  భవాని ఏడుపు ఆపుకోలేకపోయింది.

వరహాలమ్మ పీట మీద కూర్చుని గుడ్డ పిండిలో ముంచింది.

"ఆ యామిని పాపకి ఫోన్ చెయ్యి. ఇంకొన్ని పొరలు పంపమను."

"ఎవరికి చుడతామండీ అత్తయ్యా? ఆర్డర్ పోయింది కదండీ!"

"పోతే పోనీ. నా మాట నమ్మి తినేవోళ్లు ఒక్కరైనా ఉండకపోరు," అంది వరహాలమ్మ. "ముందు ఆ ఆకు పొయ్యిలోకి ఎగదొయ్యి. కుండ చల్లారిపోతంది."